కోపమైనా చాలు తల్లీ

మార్చి 2, ఆదివారం

నూనె అంటినంతసేపూ తిడుతూనే ఉంది అమ్మ. "మూదేవీ, ఇది తలా, కొబ్బరి పీచా? కాట్పాడిలో నీళ్ళు దొరకవా, దువ్వెన దొరకదా? ఎద్దు మాదిరి పెరిగితివి, జడ వేసుకునేది రాదు." మధ్యమధ్యలో నెత్తిన అరచేత్తో చరుస్తుంది. వారమంతా వేలూరు స్కానింగ్ సెంటర్లో కూర్చుని ఎవరెవరి పేర్లో టైపు చేసే నాకు, ఆదివారం గుడియాత్తం బస్సు దిగి ఈ తిట్లు తింటే గానీ ఒళ్ళు కుదుటపడదు.

శనివారాల ఆట గురించి మళ్ళీ అడిగింది. "ఏం ఆటే అది, పెండ్లీడు పిల్లోళ్ళు పొద్దంతా కూర్చోని ఆడేది?"

మళ్ళీ చెప్పాను. బల్ల చుట్టూ కూర్చుని నోటితో కథ చెప్పుకుంటూ ఆడేది. ముఖేష్ కథ నడుపుతాడు, మేం తలా ఒక వేషం. బాలా కత్తివీరుడు, ఎవాంజలిన్ దొంగ, నేను పూజారిణి. ఎవరికైనా గాయమైతే నా దేవతను పిలిచి మాన్పుతాను. పిలుపు అందిందా లేదా అన్నది డైస్ చెబుతుంది.

"పిలిచే ముందర చేతులు కడుక్కుంటావా?"

"అది ఆటమ్మా."

"ఆటయితే ఏం, చేతులు కడుక్కోకూడదా?"

నవ్వాను. నాకు కావలసింది నేను అడిగాను. వచ్చే వారం ముఖేష్ కొత్త నిబంధన తెస్తానన్నాడు, పూజారి మీద దేవతకు కోపమొస్తే ఏమవుతుందని. అమ్మకంటే ఎవరికి తెలుస్తుంది? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ శుక్రవారం శుక్రవారం మా ఇంటి గంగమ్మ అమ్మ మీదికే వస్తుంది. వాక్కు కోసం పేర్ణాంబట్టు నుంచి కూడా జనం వస్తారు.

అమ్మ చెయ్యి నా తల మీద ఆగింది. "కొట్టదే. కొట్టేది మనుషులు. గంగమ్మకు కోపమొస్తే రాదు. అంతే. పంబ కొడతానే ఉంటారు, కర్పూరం కాలతానే ఉంటాది, రాదు."

"నీకెప్పుడైనా రాకుండా పోయిందా?"

"నేనేం తప్పు చేసినానే, రాకపోడానికి?" అని ఇంకొకటి చరిచింది.

చిన్నప్పుడు పలమనేరులో మామ ఇంట్లో ఉండి చదివినందుకు నాకు మిగిలింది ఈ తెలుగు రాత ఒక్కటే. కాట్పాడిలో నాతో రూములో ఉండే ఎవాంజలిన్‌కు ఇది చదవడం రాదు, ఇంట్లో ఎవరికీ రాదు. డైరీకి తాళం అక్కర్లేదు.

మార్చి 8, శనివారం

ముఖేష్ తెచ్చిన నిబంధన చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. మొదటి తప్పుకు పూజారికి బొబ్బలు. రెండో తప్పుకు చూపు పోతుంది. మూడో తప్పుకు పిడుగు. "నీకు దేవతంటే తెలియదు, పోలీసులంటే తెలుసు" అన్నాను. మూతి ముడుచుకుని, మరి నువ్వు చెప్పు అన్నాడు. అమ్మ మాట చెప్పాను.

కాసేపు పెన్సిలు కొరికాడు. తన ముందు నిలబెట్టుకునే అట్ట ఉంది కదా, దాని వెనక ఏం రాసుకుంటాడో మాకు కనిపించదు. ఇక నా దేవత కోపం లెక్క ఆ అట్ట వెనకే ఉంటుందట. నాకు చెప్పడట. నేను పిలిచినప్పుడు కోపం ఉంటే డైస్ ఎంత పడినా ఒకటే మాట అంటాడట, "నిశ్శబ్దం". ఏం తప్పు చేశానో నేనే వెతుక్కోవాలి. సరైన తప్పుకు సరైన ప్రాయశ్చిత్తం చేసేదాకా దేవత పలకదు.

"మీ అమ్మకు నా దండం చెప్పు" అన్నాడు. అమ్మ మాట నిబంధన అయినందుకు నాకు గర్వంగా ఉంది.

"ఇంకొకటి" అన్నాడు. "దేవత మాట్లాడేటప్పుడు నా గొంతుతో చెప్తే నాకే నవ్వొస్తా ఉండాది. నిజంగా ఎట్లా ఉంటాది ఆ గొంతు?"

మార్చి 21, శుక్రవారం

సెలవు పెట్టి ఊరికి వచ్చాను. "పని రోజు యాడికే వచ్చినావు, ఉద్యోగం ఊడిందా?" అంది అమ్మ. పూజ చూడాలనిపించింది అన్నాను.

వేపాకు బుట్ట మీద ఫోను ఆనించి పెట్టాను. ఎవరూ చూడలేదు. మా పూజకు పంబ డోలు వాయించే మునుస్వామి తాత దాన్ని అందుకున్నాక అందరి కళ్ళూ అమ్మ మీదే.

మార్చి 22, శనివారం

నా పూజారిణి ఈరోజు బాలాను కాపాడింది. కోట కాపలావాడు బాలా వేషాన్ని పట్టుకుంటే, "నా దేవత మీద ఒట్టు, ఇతను నా తమ్ముడు" అని చెప్పి విడిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఫోనులో తీసిన వీడియో పెట్టి వినిపించాను. బాలా చేతుల మీద నిక్కబొడుచుకున్న రోమాలు చూపించాడు. ముఖేష్, "ఇది చాలు, ఇంక నేను నోరు తెరవను" అన్నాడు.

ఎవాంజలిన్ ఒక్కతే లేచి నీళ్ళు తాగడానికి పోయింది. రూముకు వచ్చాక అడిగితే, "మా అమ్మ ప్రార్థనలో ఆత్మ దిగి అన్యభాషలు మాట్లాడతాది. ఆ టైములో నేను ఆమె మొహం కూడా చూడను. నువ్వు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టినావు" అంది. మీ పద్ధతి వేరు, మా పద్ధతి వేరు అన్నాను.

ఆట నడిపేటప్పుడు కావాలి కదా అని మా నలుగురి గ్రూపులో పెట్టాను. నలుగురమే.

ఏప్రిల్ 6, ఆదివారం

ఊరికి పోలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 13, ఆదివారం

బాలా గాడు చేసిన పని. ఎవాంజలిన్ చూపిస్తే తెలిసింది. అమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతుంటే దానికింద దయ్యాల సినిమా సంగీతం పెట్టి నెట్‌లో ఎక్కించాడు. ఎంతమంది చూశారో కింద అంకె ఉంది, నేను చూడదలచుకోలేదు. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఊరికే సరదాకి గౌతమీ, తీసేస్తాలే" అన్నాడు. తీసేశాడు. కానీ అప్పటికే గుడియాత్తం వైపు ఎన్ని ఫోన్లలో చేరిందో.

అమ్మకు టచ్ ఫోన్ లేదు. వాట్సాప్ అంటే ఏంటో తెలియదు. పరవాలేదు. బాలా చేసిన పని ఇది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఎవాంజలిన్ ఈస్టరుకు పేర్ణాంబట్టు పోయింది. నేను ఊరికి వచ్చాను.

రాజాంబాళ్ అత్త, నాయనకు అక్క, గుమ్మంలోనే పట్టుకుంది. "పారుడీ పారు, చూడవే, మీ అమ్మ ఫోన్లో వచ్చినాది!" అని సంబరంగా చూపించింది. పోయిన సోమవారమే అమ్మకు కూడా చూపించిందట. "ఏం అన్లేదే. రెండుమాట్లు పెట్టించుకొని చూసినాది. తర్వాత పోయి ఆవుకు కుడితి పెట్టినాది. సుమ్మా, గమ్మునే ఉండాది."

సోమవారం చూసింది. ఆ శుక్రవారం గంగమ్మ రాలేదు. మునుస్వామి తాత చేతులు నొప్పెట్టేదాకా పంబ కొట్టాడట. వచ్చిన జనం తీర్థం తీసుకుని వెళ్ళిపోయారట.

నూనె అంటింది. మూదేవి అంది, ఒకసారి. చరవలేదు. కానీ తిట్టింది, అంటే బాగానే ఉన్నట్టే.

మధ్యలో అడిగింది, "మనిషి గొంతు ఫోన్లో మారిపోతాదా?"

"కొంచెం మారుతుందమ్మా."

"కొంచెమేనా?"

మే 15, గురువారం

తమిళ నెల వైకాసి ఒకటో తేదీ. గంగమ్మ సిరస్సు. అమ్మవారి శిరస్సును ఊరేగించే ఈ రోజు గుడియాత్తంలో కాలు పెట్టడానికి చోటుండదు. అమ్మకు ఏటా వీధి మలుపులో శిరస్సు కనబడీ కనబడకముందే ఒంటిమీదికి వచ్చేస్తుంది. ఇద్దరం పట్టుకున్నా ఆగదు. తెలిసినవాళ్ళు ముందే ఆమె చుట్టూ జాగా వదిలి నిలబడతారు.

ఈసారి కూడా వదిలారు. అత్త పసుపునీళ్ళ చెంబు పట్టుకుని సిద్ధంగా ఉంది. శిరస్సు వచ్చింది. పూలు, డప్పులు, అరుపులు. అమ్మ చేతులు జోడించి దానివైపే చూస్తూ నిలబడింది. శిరస్సు మా ముందు నుంచి దాటిపోయింది. వదిలిన జాగాలో అమ్మ ఒక్కతే నిలబడి ఉంది, అందరూ ఆమెను చూస్తున్నారు.

"ఎండగా ఉండాది. నీళ్ళియ్యి" అంది నాతో.

మే 18, ఆదివారం

నిబంధన నాకు తెలుసు కదా. తప్పు ఏదో తెలుసుకోవాలి, ఒప్పుకోవాలి, ప్రాయశ్చిత్తం చేయాలి. తప్పు నాది. అమ్మది కాదు. అది అమ్మకు చెప్పేస్తే గంగమ్మ కోపం నా మీదికి మళ్ళుతుంది, అమ్మ తేలికపడుతుంది. బస్సులో దారంతా మాటలు కూర్చుకున్నాను.

"అమ్మా, ఆ వీడియో తీసింది నేనే. పంపింది కూడా నేనే. గంగమ్మకు కోపం నా మీద. ఏం మొక్కుకోమంటే అది మొక్కుకుంటాను."

అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. "నువ్వే తీసినావని తెలుసులే. దాంట్లో నీ దగ్గు వినిపిస్తాది."

"తెలిసీ ఎందుకు తిట్టలేదు?"

"దాన్ని పట్టుకొని ఏం చేసేది. అది కాదే." వలిచిన కాయల్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. "అమ్మ వచ్చినప్పుడు నాకు ఏమీ తెలిసేది లేదు. పంబ మొదలయ్యేది తెలుస్తాది, మళ్ళా నేల మీద పడుండేది తెలుస్తాది. నడిమధ్య మాట్లాడింది అమ్మ అనుకుంటి. అమ్మ గొంతు ఎట్లుంటాదో అని ఎన్నోమాట్లు ఆశపడితిని, అందరికీ వినిపిస్తాది నాకే వినిపించదే అని. ఆ పొద్దు ఫోన్లో విన్నాను. అది నా గొంతే గౌతమీ. మా అమ్మ సచ్చిపోయినప్పుడు ఏడ్చితినే, ఆ గొంతు."

నేనేదో అనబోయాను. ఆపింది.

"తంగమ్మక్క మొగుణ్ణి తలుచుకో."

ఎదురింటి తంగమ్మ పెద్దమ్మ. ఆమె భర్తకు గుండెకు ఆపరేషన్ చేయాలని వేలూరులో చెప్పారు. ఆమె శుక్రవారం వచ్చి అడిగింది. నాకు గుర్తుంది, నేను స్కూలు యూనిఫారంలో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "కత్తి వద్దు. నా పసుపు చాలు" అని వాక్కు వచ్చింది. ఆయన పంటకోతలు కాకముందే పోయాడు. అమ్మవారు తన బిడ్డను తాను పిలుచుకుంది అని పెద్దమ్మ అప్పుడూ అంది, ఇప్పుడూ అంటుంది. ప్రతి శుక్రవారం కనకాంబరాల మాల తెస్తుంది.

"గంగమ్మ చెప్పింటే అది ఆమె ఇష్టం" అంది అమ్మ. "నేను చెప్పింటే?"

చిక్కుడు గింజలు కింద పడ్డాయి. ఇద్దరమూ ఏరుకోలేదు.

"అమ్మకు కోపమొచ్చి రాకపోతే నాకేం బాధ లేదే. కోపమైనా చాలు తల్లీ అనే మొక్కుకుంటా ఉండా. కోపముంటే ఉన్నట్టే కదా. ఎప్పుడూ వచ్చిందే లేదేమో అనేదే నన్ను అన్నం తిననీదు."

నేను అమ్మ బాధను అసలు అర్థం చేసుకోలేదు. అలిగిన దేవతను ఎలా బుజ్జగించాలో ఆలోచిస్తూ కూర్చున్నాను, నాలుగు వారాలుగా.

జూన్ 6, శుక్రవారం

నాయన ఫోన్ చేశాడు. లేదట.

జూన్ 13

లేదు.

జూన్ 20

లేదు. పంబ మోగుతుంటే లేచి పశువుల కొట్టంలోకి పోయి నిలబడిందట.

జూన్ 22, ఆదివారం

అమ్మ బాగా చిక్కింది. రవిక చేతులు వదులయ్యాయి. అన్నంలో నీళ్ళు పోసుకుని, కలిపి, ఆవుకు పెట్టేస్తోంది. నాయన, "డాక్టర్ దగ్గరికి పోదాం రావే కాంతా" అంటే, "డాక్టర్ ఏం చేస్తాడు, ఆయన దగ్గరికి పోవాల్సిన వాళ్ళు వేరే, ఆ కాలం పోయింది" అంటుందట.

తంగమ్మ పెద్దమ్మ నేనుండగానే వచ్చింది. మనిషి ఎప్పటిలాగే గలగలా మాట్లాడుతుంది. "ఏమే గౌతమీ, వేలూరులో అన్నం పెట్టరా, ఇట్లా ఎండిపోతివి?" అంటూ పూలమాల నా చేతికిచ్చింది. లోపల గది తలుపు దగ్గరికి వేసి ఉంది. అమ్మ లోపలే ఉంది. "పండుకుందా? సరి సరి, లేపొద్దు. అమ్మ వస్తాదిలే, యాడికి పోతాది" అని వెళ్ళిపోయింది.

ఆమె పోయాక అమ్మ బయటికి వచ్చింది. నిర్ణయం చేసేసుకుంది. ఆడి నెల మొదటి శుక్రవారం అంబలి పోసే రోజు వరకు చూస్తుందట. ఆ రోజు కూడా గంగమ్మ రాకపోతే, ఊరందరి ముందర తంగమ్మ పెద్దమ్మ కాళ్ళ మీద పడి చెప్పేస్తుందట. నీ మొగుణ్ణి చంపింది అమ్మవారు కాదు, నేనే అని.

"చెప్తే ఆమె ఏమైపోతుందో ఆలోచించావా? ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట మీదే బతికింది కదా."

"నాకేం తెలుసునే. నేను మొయ్యలేను."

జూన్ 28, శనివారం

ఆటలో నా పూజారిణికి ఇంకా నిశ్శబ్దమే. ఎన్ని వారాలుగా పిలుస్తున్నానో. గుడి కట్టించాను, ఉపవాసం చేశాను, కిరీటం దానమిచ్చాను. ముఖేష్ అట్ట వెనక చూసుకుని తల అడ్డంగా ఊపుతాడు.

ఆట అయ్యాక అందరూ టీకి దిగారు. నేను ముఖేష్‌ను ఆపి అడిగాను. "కోపంతో పలకని దేవతకూ అసలు లేని దేవతకూ తేడా పూజారికి ఎలా తెలుస్తుంది?"

"లేని దేవత అనే వరుసే నిబంధనల పుస్తకంలో లేదు కదా."

"ఉంటే?"

పాపం, సీరియస్‌గానే ఆలోచించాడు. "పూజారికి తెలియదు. కానీ ఆటలో ఆ బాధ లేదు గౌతమీ. అట్ట వెనక నేనుండా కదా. నేను పలకకపోయినా ఉండా. ఎవరో ఒకరు వెనక కూర్చోని ఉంటే చాలు, అది కోపమే అవుతాది."

టీ తాగలేదు. మెట్లు దిగి స్టేషన్ రోడ్డులో నడుస్తూనే ఉన్నాను.

జూలై 17, గురువారం

రేపు. సెలవు దొరికింది.

జూలై 18, శుక్రవారం

నటించాను.

జూలై 20, ఆదివారం

రాయాలి. రాయకపోతే ఎలా జరిగిందో నాకే మారిపోతుంది.

వాకిట్లో రెండు అండాల అంబలి. వేపమండలు కట్టిన పందిరి. వీధి వీధంతా వచ్చింది. అమ్మ పసుపుచీర కట్టుకుని మధ్యలో నిలబడింది. మునుస్వామి తాత పంబ మొదలుపెట్టి తెలుగులో గంగమ్మను పిలవసాగాడు. ఏరు దాటి రావే, ఎర్రమట్టి దాటి రావే అని. నా చిన్నప్పుడు ఆ పిలుపు రెండోసారికే అమ్మ జడ విడిపోయేది.

తాత గొంతు బొంగురుపోయింది. అమ్మ నాలుక మీద కర్పూరం పెట్టారు. అది ఆరిపోయింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. జనం గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో తంగమ్మ పెద్దమ్మ మాల పట్టుకుని నిలబడింది. అమ్మ కళ్ళు తెరిచి ఆమె వైపు ఒక అడుగు వేసింది. ఆ అడుగు ఎందుకో ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు.

అరిచాను. రబ్బరు బ్యాండు లాగేసి పంబ ముందు పడ్డాను. తల తిప్పాను. అమ్మ ఎలా తిప్పేదో నాకు తెలియనిది కాదు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, పైగా ఫోనులో ఎన్నిసార్లు చూశానో. గొంతు మాత్రం ఆటలో నా పూజారిణిది. కడుపులోంచి తీసేది.

తాత చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకున్నాయి. "ఎవరమ్మా వచ్చింది?"

"గంగని."

"ఇన్ని దినాలు ఎందుకు రాకపోతివి తల్లీ?"

"కోపం! నా వాక్కును పెట్టెలో పట్టి బజారంతా తిప్పినారు. ఈ బిడ్డే తిప్పింది. అందుకే ఈ బిడ్డనే పట్టినా."

అమ్మ దబ్బున మోకాళ్ళ మీద పడింది. ఆ మొహం నేను చూడకూడదు అనుకున్నాను, చూశాను. భయం కాదు అది. తప్పిపోయిన బిడ్డను బస్టాండులో కనుక్కున్నవాళ్ళ మొహం.

"కాంతమ్మ నోరు నాది" అన్నాను. "గొంతు ఆమెది, మాట నాది. ఇన్నేండ్లూ పలికింది నేనే. ఆ పొద్దు తంగమ్మకు చెప్పిందీ నేనే. నా బిడ్డను నేను పిలుచుకున్నా."

అమ్మ నా పాదాలు పట్టుకుని ఏడ్చింది. పాదాల మీద ఆమె కన్నీళ్ళు వేడిగా తగిలాయి. అక్కడితో పడిపోయి ఉండాల్సింది. అంతే అనుకుని వచ్చాను.

తంగమ్మ పెద్దమ్మ ముందుకు వచ్చింది. మాల నా మెడలో వేసి, కొంగు సరిచేసుకుని, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగింది. "తల్లీ, నాకు రొమ్ములో గడ్డ ఉండాదంట. కోసి తియ్యాలంటా ఉండారు. పోదునా, వద్దా?"

ఎవరికీ చెప్పలేదట అప్పటిదాకా. ఇంట్లో కోడలికి కూడా.

"పో" అన్నాను. "రేపే పో. కత్తి పట్టే చేతిలోనూ నేనే ఉంటా."

ఆమె మొహం వెలిగింది. చేతులు జోడించింది. అంతలోనే ఆ చేతులు నెమ్మదిగా దిగాయి. "అట్లయితే ఆయన్ను ఎందుకు వద్దంటివి తల్లీ?"

పంబ మోగుతూనే ఉంది. అమ్మ తలెత్తి నా వైపే చూస్తోంది. ఆమెకూ కావలసింది ఆ జవాబే. ఏదో ఒకటి అల్లి చెప్పడానికి నోరు రాలేదు.

పడిపోయాను. గంగమ్మ ఒళ్ళు వదిలి కొండెక్కిందని తాత పంబ ఆపాడు. ఎవరో మొహాన పసుపునీళ్ళు కొట్టారు. అమ్మ కూడా ఎప్పుడూ ఇట్లాగే పడిపోయేది, ఒక్కోసారి మాట మధ్యలోనే. ఎందుకు పడిపోయేదో అని ఇప్పుడు అనుకుంటున్నాను. అనుకోకూడదు.

నటనే. అంతా నటనే.

జూలై 29, మంగళవారం

పెద్దమ్మకు ఆపరేషన్ అయింది. సెంటర్‌లో పని ముగించుకుని చూడటానికి పోయాను. త్వరగానే వచ్చారు, మంచిదైంది అన్నారట డాక్టర్లు. మంచం మీద లేచి కూర్చోబోయింది నన్ను చూసి. వద్దు పెద్దమ్మా అంటే వినదు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పక్క మంచం వాళ్ళు చూస్తున్నారు.

ఆ రెండో ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండును.

ఆగస్టు 2, శనివారం

ఆటకు పోలేదు. ముఖేష్ ఫోన్ చేశాడు. "నువ్వు కనుక్కోలేవని చెప్పేస్తా ఉండా. కోట కాపలావాడి దగ్గర దేవత పేరుమీద అబద్ధపు ఒట్టు పెట్టినావు చూడు, అదే తప్పు. పోనీలే, క్షమించేసింది అనుకుందాం. రా."

"అది ఒకరిని కాపాడటానికి కదా పెట్టాను."

"కాపాడినావు. కానీ పేరు ఆమెది కదా."

ఇక రానని చెప్పాను. డైస్ ఎవాంజలిన్ చేతికిచ్చి పంపాను. తను పోయే ముందు నా పక్కన కూర్చుని అరటిపండు ఒలిచి సగం ఇచ్చింది.

ఆగస్టు 8, శుక్రవారం

రమ్మన్నారు. జనం వచ్చారట. జ్వరం అని చెప్పాను.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మ కోలుకుంది. చేపల పులుసు పెట్టుకుని రెండోసారి అన్నం వడ్డించుకుంది. బుగ్గలు కొంచెం నిండాయి. తంగమ్మ పెద్దమ్మ ఇంటికి పొద్దున పాలు తానే తీసుకుపోయి ఇస్తోందట, అక్కడే కూర్చుని కబుర్లు చెబుతోందట. నాయన నన్ను పక్కకు పిలిచి, "నీ వల్లే బిడ్డా" అన్నాడు. ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు.

నాకు వేరే కంచం పెట్టారు. కొత్తది. నేను తినేదాకా అమ్మ నిలబడే ఉంది. కూర్చోమంటే, "ఉండనీ తల్లీ" అంది. పోయిన వారమూ తల్లీ అనే అంది. గౌతమీ అనలేదు. చెప్పులు గుమ్మం ముందే అడ్డంగా వదిలేసి లోపలికి నడిచాను, కావాలనే. ఇదివరకైతే ఆ చెప్పు నా వీపు మీదికి వచ్చేది. అమ్మ వంగి వాటిని తీసి పక్కన జతగా పెట్టింది.

తలంటుకుందాం రా అన్నాను. స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, ఇత్తడి పళ్ళెంలో నూనె గిన్నె పెట్టుకుని వచ్చింది. నేను పీట మీద కూర్చున్నాను. వెనక నిలబడింది. ఎంతసేపైనా చెయ్యి పడలేదు. తిరిగి చూస్తే చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఎట్లా తాకేది తల్లీ? అమ్మ ఎక్కిన తల కదా."

"అమ్మా, నేనే. నీ గౌతమిని. జుట్టు చూడు, పీచులాగా ఉంది, వారం నుంచి దువ్వలేదు. ఒక్కసారి మూదేవీ అనమ్మా. ఒక్కసారి తిట్టు."

రెండు చెంపలూ టపటపా వాయించుకుంది. "అంత మాట అనొద్దు తల్లీ. తెలియక ఎన్నో అనింటా. మనసులో పెట్టుకోవద్దు." గిన్నె నా పక్కన పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ పెరట్లోకి పోయింది.

చెప్పేద్దామని లేచాను. నేనే చేశాను, అంతా ఆట, పలికింది ఎవరూ కాదు అని. నోట్లో మాట సిద్ధంగా ఉంది. పెరటి తలుపు దగ్గరికి పోయేసరికి అమ్మ అంట్లు తోముతూ మునుస్వామి తాత పాట కూనిరాగం తీస్తోంది. ఏరు దాటి రావే అని. ఏప్రిల్ తర్వాత అమ్మ నోట పాట వినడం ఇదే మొదలు.

వెనక్కి వచ్చి పీట మీద కూర్చున్నాను. నూనె నేనే అంటుకున్నాను. ముందువైపు బాగానే అంటింది. వెనక చెయ్యి అందలేదు.